అక్క చేతుల దగ్గర నేర్చుకున్న యంత్రం

మా అక్కకూ నాకూ ఐదేళ్ళ తేడా. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ పోయింది. అప్పటికి అక్క పదో తరగతి. ఆ ఏడు పరీక్షలు రాయకుండానే చదువు మానేసి, నాయన నేసే మగ్గాల ఇంట్లోనే పడుగు అతికే పనికి కూర్చుంది. ధర్మవరంలో చీర నేసే పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగుల వరుస, అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేల పోగులుంటాయి. ఒక్కటి జారినా చీర పొడుగునా గీత కనిపిస్తుంది. అక్క వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఆ పని చేసేది. కళ్ళతో చూసే అవసరం ఆమెకు పెద్దగా ఉండేది కాదు. పోగు ఎక్కడుందో వేళ్ళకే తెలిసేది.

ఇరవై ఏళ్ళకు అక్కకు పెళ్ళయింది. ఆ సంసారం రెండేళ్ళే. బావ సూరత్‌కు పవర్‌లూమ్ పనికని పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. అక్క తన ట్రంకు పెట్టె తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. మరుసటి రోజు పొద్దున్నే మగ్గాల ఇంటికి పనికి వెళ్ళింది. ఆ మనిషి గురించి మళ్ళీ ఆమె నోట వినలేదు.

నేను హిందూపురంలో డిప్లొమా చదువుతుండగా నాయన కూడా పోయాడు. చదువు ఆపేసి వస్తానంటే అక్క ఒప్పుకోలేదు.

"నువ్వు ఈడికొచ్చి ఏం చేస్తావురా? మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూచుంటావా? దానికి నేనుండా. నువ్వు ఆడనే ఉండి చదువుకో" అంది.

చదువు అయ్యాక నేను బెంగళూరులో ఒక మెషిన్ షాపులో చేరాను. ఆ రోజుల్లోనే పెనుకొండ దగ్గర హైవే వెంట చిన్నా పెద్దా కంపెనీలు వరుసగా రావడం మొదలైంది. వాటిలో ఒకటి కార్బన్ ఫైబర్‌తో డ్రోన్ల రెక్కలు చేసేది. ఆ కంపెనీవాళ్ళు ధర్మవరం మగ్గాల వీధుల్లో తిరిగి, వేళ్ళు నేర్పుగా ఆడే ఆడవాళ్ళు కావాలని అడిగారు. మా వీధి నుంచి మొదట వెళ్ళింది అక్కే.

ఆ పని గురించి అక్క నాకు ఫోన్లో చెప్పేది. కార్బన్ ఫైబర్ గుడ్డ నల్లగా, పట్టు మాదిరి నిగనిగలాడుతుంది. దానికి ముందే జిగురు పట్టించి ఫ్రీజర్‌లో పెడతారు. బయటికి తీసి, కావలసిన ఆకారంలో కోసి, వెనకున్న కాగితం ఒలిచి, అచ్చు మీద పొర మీద పొర పరుస్తారు. ఒక పొరలో పోగులు నిలువుగా ఉంటే పైపొరలో అడ్డంగా, ఆపై పొరలో ఏటవాలుగా. పొరల మధ్య గాలి మిగలకూడదు, ముడత పడకూడదు. అన్నీ పరిచాక ప్లాస్టిక్ సంచిలో మూసి గాలి పీల్చేసి, పెద్ద ఉక్కు పీపా లాంటి ఓవెన్‌లో ఒత్తిడి పెట్టి ఉడికిస్తారు. బయటికి వచ్చే రెక్క ఇనుమంత గట్టిది, కానీ ఒక చేత్తో ఎత్తి పట్టుకోవచ్చు.

"చీర ఎంత బరువుంటే అంత మంచిదంటారు మనోళ్ళు. ఈడ ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిదంట" అని నవ్వింది ఒకసారి.

ఆరు నెలల్లో అక్కను ఈ పని జరిగే హాల్లో ఆడవాళ్ళకు పెద్దను చేశారు. తలకు టోపీ, చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు. ఆ తొడుగుల్లోంచి కూడా పొరల కింద ఆవగింజంత గాలి బుడగ ఉంటే అక్క వేలు ఆగిపోయేది. పనికి ఇంకా మనుషులు కావాలన్నప్పుడల్లా కంపెనీవాళ్ళు అక్కనే అడిగేవారు. ఆమె మా వీధి నుంచీ పక్క వీధుల నుంచీ ఒక్కొక్కరినే పిలుచుకుపోయింది. మగ్గాలు ఆగిపోయిన ఇళ్ళవాళ్ళు, మొగుడు తాగి పడుకునే ఇళ్ళవాళ్ళు. మూడేళ్ళలో హాల్లో పద్దెనిమిది మంది ఆడవాళ్ళయితే అందులో పదకొండు మంది అక్క మాట మీద వచ్చినవాళ్ళే. పొద్దున ప్యాసింజర్‌లో ఒక పెట్టెంతా వాళ్ళదే. ధర్మవరంలో ఎక్కి, పెనుకొండలో దిగి, కంపెనీ బస్సులో వెళ్ళేవారు. వాళ్ళలో ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా, ఎవరి ఇంట్లో గొడవయినా అక్కకే ముందు తెలిసేది.

నన్ను కూడా అక్కే పిలిపించింది. కంపెనీలో మెషిన్లు చూసుకునే టెక్నీషియన్ కావాలని తెలిసి, మేనేజర్ దగ్గరికి తనే వెళ్ళి అడిగింది. నేను బెంగళూరు వదిలి వచ్చి చేరాను. ఆ తర్వాత నాకు పెళ్ళయింది, పాప పుట్టింది. అందరం ధర్మవరంలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అక్క టిఫిన్ డబ్బా తెరిచి, సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నాకు సగం పెట్టాకే తాను తినేది. హాల్లో ఆడవాళ్ళు నన్ను సార్ అనేవారు. అక్క మాత్రం అందరి ముందూ "రేయ్" అనే పిలిచేది. మొదట్లో సిగ్గుగా ఉండేది.

నేను చేరిన ఆరో ఏడు యంత్రం వచ్చింది.

అది మనిషి కన్నా రెండింతల ఎత్తున్న రోబో చేయి. దాని తలలో ఎనిమిది సన్నటి కార్బన్ టేపు చుట్టలుంటాయి. టేపును వేడిచేసి, చిన్న రోలర్‌తో అచ్చు మీద ఒత్తుకుంటూ పరుచుకుంటూ పోతుంది. ఎక్కడ ఆపాలో అక్కడ తనే కత్తిరించుకుంటుంది. దాన్ని నడపడం నేర్చుకోమని కంపెనీ నన్ను ఆరు వారాలు పూణెకు పంపింది. నేను తిరిగొచ్చేసరికి యంత్రాన్ని హాలు పక్కనే అద్దాల గదిలో నిలబెట్టారు. భోజనం బెల్లు కొట్టగానే ఆడవాళ్ళందరూ అద్దం దగ్గర గుంపుగా నిలబడి చూసేవారు. వాళ్ళలో ఒకామె అక్కను అడిగింది.

"అక్కా, ఇది వస్తే మన పని పోతాదా?"

"యాడ పోతాదే? దాన్ని నడిపేది మా తమ్ముడే గదా" అంది అక్క.

ఆ మాటకు అందరూ ధీమాగా నవ్వారు. నేను గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. తలుపు తెరిచే ఉంది కాబట్టి ఆ మాట నాకు వినబడింది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ భయం లేదు. పెద్ద పలకలన్నీ యంత్రం చేస్తే, సున్నితమైనవి వీళ్ళ చేతికి ఇస్తారనే అనుకున్నాను.

పలకల్లాంటి భాగాలు యంత్రం చక్కగానే చేసింది. రెక్క దగ్గర మొండికేసింది. రెక్క వచ్చి డ్రోన్ ఒంటికి అతుక్కునే చోట లోపలికి వంగిన మూల ఒకటుంది. రోలర్ అక్కడికి వచ్చేసరికి టేపు బిగుసుకుని, మూలలోకి దిగకుండా వంతెన మాదిరి పైనే నిలబడేది. కింద ఖాళీ. ఉడికించాక ఆ ఖాళీలో వట్టి జిగురు నిండేది, సుత్తితో తడితే అక్కడే చీలేది. మెత్తటి రోలర్ వేశాను, వేడి పెంచాను, వేగం తగ్గించాను. పూణెవాళ్ళను ఫోన్లో అడిగాను. మూడు వారాలు గడిచాయి. మేనేజర్ రోజూ వచ్చి అద్దం దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయేవాడు.

ఒక ఆదివారం అక్క నా ముందు అన్నం గిన్నె పెట్టి అడిగింది.

"ఏందిరా, వారం నుంచి సరిగ్గా తినవు. ఏమయిండాది?"

చెప్పాను. ఆమె చేయి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నీ మిషను టేపును మూలకు తీస్కపోతాండాదా, మూల నుంచి తెస్తాండాదా?"

నాకు మొదట అర్థం కాలేదు. అక్క తడి టవలు తెచ్చి, గోడా నేలా కలిసే చోట పరిచి చూపించింది. పక్క నుంచి లాక్కుంటూ మూలలోకి వెళ్తే గుడ్డ బిగుసుకుని పైకి లేచింది. అదే మూలలో ముందు బొటనవేలితో ఒత్తి నిలిపి, అక్కడి నుంచి గోడ మీదికి ఒకసారి, నేల మీదికి ఒకసారి పోనిస్తే ఒద్దికగా అంటుకుంది.

"చూసినావా. మూలలో మొదలు పెట్టల్ల. లాగకూడదు, వదలల్ల. రెండు కొసలూ మూలలో కొంచెం ఒకదాని మీదొకటి ఎక్కల్ల. పైపొరకు ఆ అతుకు అదే తావులో రాకూడదు, రవ్వంత జరపల్ల. మేం రోజూ చేసేదే ఇది. నన్ను ముందే అడగొచ్చు గదరా."

సోమవారం మేనేజర్‌కు చెప్పాను. ఆయన కెమెరాలు పెట్టించాడు. అక్క చేతి తొడుగుల మీద చిన్న చిన్న తెల్లటి చుక్కలు అతికించి, ఆమె ఆ మూల పరుస్తుంటే పైనుంచి, పక్క నుంచి రికార్డు చేశాం. ఎంత ఒత్తిడి పెడుతోందో తెలియడానికి అచ్చు కింద తూకం చూసే పరికరం పెట్టాం. తోటి ఆడవాళ్ళు చుట్టూ నిలబడి, "అక్క సినిమా తీస్తాండారు" అని ఎగతాళి చేశారు. అక్క ఎప్పటికన్నా నిదానంగా, నాకు అర్థమయ్యేలా, ప్రతి అడుగూ నోటితో చెప్తూ చేసింది. మధ్యలో తలెత్తి, "వచ్చిండాదారా? ఇంగోసారి చేయల్లనా?" అని అడిగింది. నాలుగు సార్లు చేయించాను.

ఆ చేతి కదలికలను చూసి నేను ప్రోగ్రాం రాశాను. ప్రతి టేపునూ మూలలో మొదలుపెట్టి రెండు వైపులకూ నడిపించాను. మూల దగ్గర టేపు బిగువు దాదాపు తీసేశాను. రోలర్ అక్కడ ఒక క్షణం ఆగి ఒత్తేలా చేశాను. పది రోజులకు రెక్క వచ్చింది. ముక్కలుగా కోసి చూస్తే ఎక్కడా ఖాళీ లేదు. మేనేజర్ నా భుజం తట్టాడు. పెద్దాఫీసుకు పంపిన రిపోర్టులో ఈ పద్ధతి కనిపెట్టింది నేనని రాసి ఉంది. అది నేనే రాశాను. అక్క పేరు రాయకూడదని అనుకోలేదు. రాయాలని తోచలేదు, అంతే.

ఆ తర్వాతి వారం మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు మూశాడు. నెలాఖరుకు చేతిపని హాలు మూసేస్తున్నామని, సర్టిఫికెట్లున్న ఇద్దరిని తప్ప మిగతావాళ్ళను పంపేస్తున్నామని చెప్పాడు.

"మా అక్క?" అని అడిగాను.

"పదో తరగతి కూడా లేదు కదా. పైవాళ్ళు ఒప్పుకోలేదు. నేను అడిగాను" అన్నాడు. తర్వాత, "ఇప్పుడే తెలిస్తే చేతిలో ఉన్న ఆర్డరు పూర్తి కాదు. మీ ఇంట్లో కూడా చెప్పకండి" అన్నాడు.

నేను, "సరే సార్" అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. భయమే. పనిలో ఉంచుకునేవాళ్ళ కాగితంలో నా పేరు ఉంటుందని, నోరు తెరిస్తే దాన్ని కొట్టేస్తారని భయం. చెప్తే అక్క తట్టుకోలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. అక్క తట్టుకోలేనిదేదీ అప్పటిదాకా నేను చూడలేదు.

నెల రోజులు ఆమె పక్కనే రైల్లో కూర్చున్నాను, ఆమె పెట్టింది తిన్నాను. నా భార్యకు మాత్రం చెప్పాను. ఆమె రెండు రోజులు చూసి, "వదినకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది. నేను ఆమె మీద గట్టిగా అరిచాను. తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు, కానీ అక్క ముందు కూర్చోవడం తగ్గించింది.

ఆ నెలలోనే, మా వెనక వీధిలో కుట్టుపని చేసుకునే ఒక ముస్లిం ఆమె, అక్క స్నేహితురాలు, ఫ్యాక్టరీలో చేరతానని అడిగింది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. రెడీమేడ్ బట్టల వల్ల కుట్టుపని తగ్గిపోయింది. హాల్లో ఒకామె కాన్పుకు వెళ్ళడంతో ఆమె స్థానం ఖాళీగా ఉంది. హాలు సూపర్‌వైజర్‌కూ ఏమీ తెలియదు, అక్క అడిగితే తీసుకురమ్మన్నాడు. పెనుకొండ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నప్పుడు అక్క నన్ను అడిగింది.

"రేయ్, ఆయమ్మ కుట్టుమిషను అమ్మేసి పూర్తిగా దీంట్లోకి వస్తానంటాండాది. నాకెందుకో గుబులుగా ఉండాది. నీకు ఆఫీసు సంగతులు తెలుస్తాయి గదా. పిల్చుకోని రావొచ్చునా? పని ఉంటాదా ఇంగ?"

ప్లాట్‌ఫారం మీద మేమిద్దరమే కాస్త దూరంగా ఉన్నాం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నేను పట్టాల వైపు చూస్తూ, "ఉంటాదిలే అక్కా" అన్నాను.

"అట్లయితే సరే" అంది. ఆమె గుబులు తీరిపోయింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

కుట్టుపని ఆమె మిషను అమ్మేసింది. పదకొండు రోజులు పనిచేసింది.

నెలాఖరు రోజు భోజనం తర్వాత ఆడవాళ్ళందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకావిడ మెత్తగా మాట్లాడి కవర్లు పంచింది. నేను అద్దాల గదిలోనే ఉండిపోయాను. యంత్రం రెక్క పరుస్తోంది. మూల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఆగి, ఒత్తి, ముందుకు పోతోంది. అక్క ఎలా ఆగుతుందో అలాగే. కంప్యూటర్ వైపు చూద్దామనుకున్నాను కానీ చూపు అక్కడే ఉండిపోయింది. కాసేపటికి ఆడవాళ్ళు తమ సంచులు తీసుకుని అద్దం ముందు నుంచే గేటుకు వెళ్ళారు. కొందరు నా వైపు చూశారు. అక్క చూడలేదు. కుట్టుపని ఆమె చేయి పట్టుకుని నడుస్తోంది.

ఆ రోజు నేను రైలెక్కకుండా బస్సులో ఇంటికి వెళ్ళాను. అక్క వాకిట్లో పీట మీద కూర్చుని పాపకు తల దువ్వుతోంది. జడ అల్లడం పూర్తి చేసి, పాపను ఆడుకోమని పంపి, అప్పుడు అడిగింది.

"నీకెప్పుడు తెలుసురా?"

"నెలయింది."

"స్టేషన్లో నేను అడిగిన పొద్దుకు తెలుసునా?"

"తెలుసు."

అక్క దువ్వెనలోని వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంటూ ఉంది.

"పని పోతే పోయె. మిషనుకు నేనే నేర్పిస్తి, దానికీ నాకు బాధ లేదు. నువ్వు అడిగితే మళ్ళీ నేర్పిస్తా. అయితే ఆయమ్మను నా నోటితో పిల్చుకపోతి గదరా. 'మా తమ్మున్ని అడిగినా, పని ఉంటాదంట' అని చెప్పినా. ఇంగ ఆ పిల్లోల్ల ముఖం ఎట్ల చూసేది నేను?"

"అక్కా, నా పని కూడా పోతాదని..."

"నాకు చెప్పింటే నేను ఎవురికీ చెప్పకపోదును. ఆయమ్మను మాత్రం వద్దని ఆపేసిందును. అంతే గదా కావల్సింది."

అంతే కావల్సింది. ఒక్క మాట. ఆమె ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళి రాత్రికి వంట చేసింది, అందరికీ వడ్డించింది. తాను తినలేదు.

తర్వాతి రెండు రోజులు అక్క తాను చేర్పించిన ప్రతి ఇంటికీ వెళ్ళివచ్చింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. మూడో వారంలో, హిందూపురంలో ఒక గార్మెంట్ యూనిట్‌లో పని దొరికిందని, అక్కడే గది తీసుకున్నానని చెప్పింది. రోజూ రైల్లో వెళ్ళిరావచ్చు కదా అన్నాను. నా భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుని ఉండిపొమ్మంది.

"నీ మీద కోపం లేదమ్మా. ఈ వీధిలో నడ్సల్లంటే కాళ్ళు రావడంలేదు నాకు" అంది అక్క నా భార్యతో. సూరత్ సంసారం విరిగినప్పుడు తెచ్చుకున్న ట్రంకు పెట్టెలోనే బట్టలు సర్దుకుంది. ఆటో దాకా నేను మోస్తానంటే, వద్దని తనే ఒక పక్క పట్టుకుని, ఆటో అతన్ని రెండో పక్క పట్టమంది.

నాలుగు నెలల తర్వాత ఫ్యాక్టరీలో ఒక అవసరం వచ్చింది. యంత్రం పరిచిన పొరల్లో అక్కడక్కడా టేపు మెలిపడటమో, సందు మిగలడమో జరిగేది. దాన్ని కనిపెట్టి సరిచేసే చెయ్యి కావాలి. నేను మేనేజర్ వెంటపడి, సర్టిఫికెట్ మాట పక్కన పెట్టించి, అక్కకు ఉద్యోగం ఇస్తామన్న కాగితం సంపాదించాను. దాన్ని తీసుకుని హిందూపురం వెళ్ళాను.

రైలు కట్టకు దగ్గరలో ఒక సందులో ఒంటి గది. అక్క తలుపు తీసి నన్ను చూసి, "రాప్పా, కూచో" అంది. ఎప్పుడో వచ్చే చుట్టాలతో అలా మాట్లాడతారు. కుర్చీ వేసింది. నీళ్ళిచ్చింది. పాప బాగుందా అని, నా భార్య బాగుందా అని అడిగింది. నేను కాగితం ఇచ్చాను. ఆమె నిదానంగా చదివింది.

"మిగతావాళ్ళకు?"

"ఒక్క మనిషే కావల్లంట అక్కా."

"ఆయమ్మకు ఇమ్మను ఇది."

"ఆమెకు పదకొండు దినాల పనే తెలుసు గదక్కా. ఈ పనికి నీ చెయ్యే కావల్ల."

అక్క కాగితం మడిచి నా చేతికిచ్చింది. "ఈడ నాకు బాగానే ఉండాది. దుడ్లు చాలుతాండాయి. నువ్వు ఎండన పడి వచ్చినావు, అన్నం తిని పోప్పా" అంది.

అన్నం పెట్టింది. చెనిక్కాయల ఊరుబిండి కూడా ఉంది. తన డబ్బాలోంచి సగం నాకు తీసి పెట్టే చెయ్యి ఈసారి గరిటెతో వడ్డించింది. ఆమె వేళ్ళ చివర్లు సూదిపోట్లతో గట్టిపడి ఉన్నాయి. ఇంకా పొరల కింద గాలి బుడగ తెలుస్తుందా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు, ఇంక భరించలేక, కుట్టుపని ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె ఇంకొకరి మిషను అద్దెకు తెచ్చుకుని జాకెట్లు కుడుతోంది. గడప దగ్గరే నిలబడి, పని పోతుందని నాకు నెల ముందే తెలుసునని, అక్క అడిగితే నేనే అబద్ధం చెప్పానని అంతా చెప్పేశాను.

ఆమె కుట్టడం ఆపింది.

"నీకు తెలుసునా?" అంది. "మీ అక్క ఆ మరుసటి దినమే వచ్చి, ఈడనే, ఈ చాప మీద కూచోని నా కాళ్ళు పట్టుకున్యాది. తప్పంతా తనదే అన్యాది. మీ తమ్మునికి తెలిసుండదా అని నేను అడిగితిని. 'అల్లా సాక్షిగా చెప్తాండా, నీ దేవుడైనా నా దేవుడైనా ఒకటే, వానికి తెలీదు పాపం' అన్యాది. అందరి ఇండ్లల్లోనూ అదే చెప్పింది. అందుకే మేమెవురమూ నిన్ను ఒక్క మాటనలేదు."

నాకు తెలిసినంతలో అక్క అబద్ధం ఆడడం అదొక్కటే. అదీ దేవుడి మీద ప్రమాణం చేసి. వీధిలో ఎవరూ నా ముఖం మీద తలుపేయకపోవడానికి, పాలు పోసే ఆమె ఎప్పటిలాగే నవ్వడానికి, నా బిడ్డ అందరి ఇళ్ళలో ఆడుకోవడానికి కారణం అదే. ఆ అబద్ధం ఆడినందుకే ఆమె ఈ వీధిలో ఉండలేకపోయింది.

"పో తమ్ముడూ. ఇంగెవురికీ చెప్పకు. ఆయమ్మ మాటను దక్కనీ" అంది ఆమె. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నేను ఆ సలహా వినలేదు. ఆ ఆదివారమే హిందూపురం వెళ్ళి, కుట్టుపని ఆమెతో మాట్లాడానని అక్కకు చెప్పాను. అప్పుడు మొదటిసారి ఆమె కళ్ళలో కోపం చూశాను.

"ఎందుకు చెప్పినావు? నీ గుండె బరువు దించుకునేదానికా? ఆయమ్మకు దాంతో ఏమొచ్చె? నీ బిడ్డ ఆ వీధిలో పెరగల్లని నేను అట్ల చెప్పింటి. దాన్నీ నిలుపుకోలేకపోతివి."

క్షమించమని అడగడానికి వెళ్ళాను. అడిగాను కూడా. ఆమె తలుపు దగ్గర నిలబడి, సందు వైపు చూస్తూ, "సరేలేప్పా" అంది. క్షమించానని కాదు, ఇంక వెళ్ళమని. అది నాకు తెలుసు.

నేను ఇంకా అదే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. మానేస్తానని నా భార్యతో చాలాసార్లు అన్నాను. మానలేదు. ఇప్పుడు రెండు యంత్రాలున్నాయి. కొత్తగా చేరే పిల్లలకు నేనే నేర్పుతాను. రెక్క మూలలో టేపు పరిచే ప్రోగ్రాం ఎలా వచ్చిందని వాళ్ళు అడిగితే, ధర్మవరంలో పడుగు అతికిన ఒక మనిషి నేర్పిందని చెప్తాను. రిపోర్టు మాత్రం దిద్దించలేకపోయాను. అది ఎప్పుడో ఫైళ్ళలోకి పోయింది, దాన్ని మళ్ళీ తెరిచి చదివేవాళ్ళు లేరు.

అక్క నా భార్యకూ పాపకూ ఫోన్ చేస్తుంది. పాపతో గంటసేపైనా మాట్లాడుతుంది. ఫోన్ నా చేతికి వచ్చేసరికి ఆమెకు ఏదో పని గుర్తొస్తుంది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో పాప అత్త దగ్గర ఉంటానని పట్టుబట్టింది. తీసుకెళ్ళి దింపాను. అక్క పాపను ఎత్తుకుని, లేపాక్షికి పోదామా, పెద్ద నంది విగ్రహం చూద్దామా అని అడుగుతూ లోపలికి తీసుకుపోయింది. నేను సంచి గడపలో పెట్టి వచ్చేశాను. వారం తర్వాత తీసుకురావడానికి వెళ్ళేసరికి గదికి తాళం వేసి ఉంది. పాప పక్కింట్లో బొమ్మలేసుకుంటోంది.

"మీ అక్కకు షిఫ్టు ముందే ఉండాదంట. పాపకు తల స్నానం చేయించి, అన్నం పెట్టి, మీరొస్తే అప్పజెప్పమన్యారు" అంది పక్కింటి ఆమె.

స్టేషన్‌కు నడిచాం. రైలు ఆలస్యం. పాప బెంచీ మీద కాళ్ళూపుతూ, లేపాక్షి గుళ్ళో నేలకు తగలకుండా వేలాడే స్తంభం కిందుగా అత్త తన చున్నీ ఇటు నుంచి అటు లాగిందని చెప్పింది. కాసేపాగి, "అత్త మనింటికి ఎప్పుడొస్తాది నాయనా?" అని అడిగింది.

"తెలీదు పాపా" అన్నాను.

పాప రైలు వచ్చాక కిటికీ పక్కన కూర్చుని, పెనుకొండ కొండ కనిపించకముందే నిద్రపోయింది.